ఎర్ర కళ్లజోడు, గళ్ల కాగితం

అబిడ్స్‌లో నాయిన ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన కళ్లద్దాల షాపును మూసేస్తున్నారని, వెనకగదిలో ఆయన డబ్బా ఒకటి ఉండిపోయిందని, వచ్చి తీసుకుపొమ్మని సేఠ్ కొడుకు ఫోన్ చేశాడు. నాయిన పోయి రెండేళ్లయింది. మనిషే పోయాక డబ్బా ఎందుకులే అనుకుని రెండు వారాలు వాయిదా వేశాను. మూడో వారం మళ్లీ ఫోన్ చేసి "శనివారం తాళాలు ఇచ్చేస్తున్నం మేడం, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు. నాంపల్లిలో మెట్రో దిగి నడిచే వెళ్లాను. కళ్లకు గంతలు కట్టి వదిలినా ఈ దారిన షాపు చేరగలనని ఒకప్పుడు గొప్పలు పోయేదాన్ని. ఇప్పుడు పోస్టాఫీసు దగ్గర నిలబడి, రోడ్డు ఎక్కడ దాటాలో తెలియక ఒక ఆటో అతన్ని అడిగాను.

పాత బిస్కెట్ల రేకుడబ్బా అది. మూత తియ్యగానే తడి సానరాయి వాసన, మిషన్ నూనె వాసన కలిసి గుప్పున కొట్టాయి. నాయిన చొక్కాలన్నీ ఈ వాసనే వేసేవి. లోపల కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం, సన్నని స్క్రూడ్రైవర్లు, ఒక కాడ విరిగిన ఎర్ర ప్లాస్టిక్ కళ్లజోడు ఉన్నాయి. అడుగున నాలుగు మడతలు పెట్టి తోసిన గళ్ల కాగితాల కట్ట ఒకటి. ఆ పక్కనే రెండు గాజుబిళ్లల మధ్య బిగించి, రబ్బరు బ్యాండు వేసిన ఇంకొన్ని కాగితాలు. కళ్లజోడును చూడగానే గుర్తుపట్టాను. దాని కాడ దానంతటది విరగలేదు, నా కళ్లముందే నాయిన విరిచాడు. ఇరవై ఏళ్లు కావస్తున్నా దాన్ని వేలితో పక్కకు తోశానే గానీ చేతిలోకి తీసుకోలేదు. కాగితాలను అక్కడ నిలబడి విప్పబుద్ధి కాలేదు. డబ్బా చంకన పెట్టుకుని బయటపడ్డాను.

మేం నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక పాత ఇంటి మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయిన పేరు దేవదానం, మాది మెదక్ వైపు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. కింది వాటాలో సావిత్రమ్మ పిన్ని ఉండేది. వాళ్లది గుంటూరు దగ్గర పల్లె. యాభైల చివర్లో, రాష్ట్రం ఏర్పడిన కొత్తలో వాళ్ల మామగారు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. వాళ్లకు పూజలు, మాకు ప్రార్థనలు. అయినా ఆ ఇంటి పచ్చడి ఈ ఇంటికి రాని రోజు లేదు. నాకు జడ వెయ్యడం దగ్గర్నుంచి గోంగూర పచ్చడి నూరడం దాకా నేర్పింది ఆవిడే.

పొద్దున్నే నాయిన ప్రార్థన చేసి, తనే టీ పెట్టేవాడు. టీ పొయ్యడంలో ఆయనకొక అలవాటు ఉండేది. గ్లాసు అంచు మీద ఎడమచేతి చూపుడువేలు ఆనించి, గిన్నె మూతిని ఆ వేలికి తగిలించి, అప్పుడు పోసేవాడు. వేలు కాలినా తీసేవాడు కాదు. షాపులో భూతద్దాన్ని ఎప్పుడూ ఎడమ కంటికే తగిలించుకునేవాడు. సూదిలో దారం ఎక్కించాలన్నా, కళ్లజోడు స్క్రూ తలలో స్క్రూడ్రైవర్ ఆనించాలన్నా మూడుసార్లు తప్పి నాలుగోసారి దొరికించుకునేవాడు. నేనవన్నీ ఆయన ధోరణి అనుకున్నాను. ఇంట్లో మనిషి వింతలు మనకు వింతగా కనబడవు కదా.

మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పుకున్న కథ సూర్యగ్రహణం కథ. నేను పుట్టకముందు హైదరాబాద్‌కు ఒక పెద్ద గ్రహణం వచ్చిందట. మిట్టమధ్యాహ్నం దాటగానే రోడ్లన్నీ నిర్మానుష్యం. కింద సావిత్రమ్మ పిన్ని ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి కూర్చుందట. మేడ మీద నాయిన మాత్రం, మన విశ్వాసులకు ఈ పట్టింపులు ఏమిటని, ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క ఒక కంటికి అడ్డం పెట్టుకుని, గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా నిలబడి చూశాడట. మర్నాడు ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, లేచి దాని మీద సాక్ష్యం కూడా చెప్పాడు. మా గుళ్లల్లో సాక్ష్యమంటే, తనకు జరిగిన మేలును నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. ఊరంతా భయపడి దాక్కున్నప్పుడు దేవుడు నన్ను భయం లేకుండా నిలబెట్టాడని నాయిన చెబితే పాస్టరు అయ్యగారు భుజం తట్టారట. ఆ తర్వాత ఏ గ్రహణం వచ్చినా గుడిలో ఎవరో ఒకరు "దేవదానం అన్నా, ఆ ముచ్చట చెప్పు" అనేవారు. నాయిన చెప్పేవాడు. ఇంట్లో మాత్రం సావిత్రమ్మ పిన్ని మెట్ల మీద నుంచి వేళాకోళం చేసేది: "మీ నాన్నకు ఏ గ్రహణమూ పట్టదులేవే కరుణా. ఆయన్ని చూసి సూర్యుడే తప్పుకున్నాడు." నాయిన నవ్వేవాడు, కానీ ఎక్కువసేపు నవ్వేవాడు కాదు. అది నేను అప్పుడు గమనించలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నాకు దీపాల పిచ్చి. ఇంకో మాట లేదు. నాయిన తెచ్చిన పగిలిన కటకాలతో గోడ మీద ఎండను ఒకచోటికి చేర్చి సున్నం మీద చెయ్యి పెట్టి చూడటంతో మొదలైంది. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో నాయిన తాళంచెవి గుత్తికి తగిలించిన ఎర్ర లేజర్ కొనిపెట్టినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నాను. ఆ ఎర్ర చుక్కను సందు చివరి గోడ దాకా పంపి, అక్కడ అది ఇంకా చుక్కగానే ఉండటం చూసి ఆ పూట అన్నం మానేశాను. డిగ్రీ ఫిజిక్స్ పూర్తయి, ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఆ చుక్క సరిపోలేదు. గాలిలో కడ్డీలా కనబడే ఆకుపచ్చ కిరణం కావాలి. అగ్గిపుల్లను దూరం నుంచి వెలిగించేది కావాలి. అబిడ్స్‌లో ఒక ఇంటర్‌నెట్ సెంటర్‌లో కూర్చుని, ఎక్కడెక్కడి దేశాల వాళ్లో రాసుకున్నవి చదివేదాన్ని. నాకు కావలసిన పేజీలు ప్రింట్ తీసుకునేదాన్ని. కావలసినవి అంటే, ఏది ఎంత దూరం నుంచి దేన్ని కాలుస్తుందో చెప్పేవి. జాగ్రత్తల పేజీలు కూడా వాటి వెంట వచ్చాయి. వాటిని మడిచి అడుగున పెట్టాను.

ఆ రోజుల్లో అలాంటి వస్తువు కావాలంటే హమీద్ భాయ్ ఒక్కడే దిక్కు. అబిడ్స్‌లో ఒక పాత బిల్డింగ్ మొదటి అంతస్తులో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గదిలో వాచీలు, కాలిక్యులేటర్లు, సింగపూర్ టార్చీలు అమ్మేవాడు. నేను వెళ్లి అడిగితే గల్లా కింద నుంచి రెండు లేజర్లు తీసి గుడ్డ మీద పెట్టాడు. రెండూ నల్లగా, లావుపాటి పెన్నుల్లా ఉన్నాయి. ఒకదాన్ని నొక్కితే గది అంతా పచ్చబడింది. రెండోదాన్ని నొక్కితే చుక్క మామూలుగా, ఇంకా చెప్పాలంటే నీరసంగా ఉంది.

"గిది తేజ్ ఉంటది బేటీ. గిది జర హల్కా. ఘర్ మే చలానేకు హల్కాచ్ అచ్ఛా" అన్నాడు, ఇంట్లో వాడుకోవడానికి తక్కువదే మంచిదని.

"మండుతదా భాయ్ ఇది?"

"ముజే క్యా మాలూమ్? నేను వాచీలు అమ్మెటోన్ని. రెండు తీస్కపో, మూడు రోజులు చూడు. పసంద్ అయింది ఉంచుకో, రెండోది వాపస్ తే. కండ్లకు ఇదిగో, చష్మా ఫ్రీ" అంటూ ఎర్ర ప్లాస్టిక్ కళ్లజోడు ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన మనసులో మోసం లేదు. దేవదానం భాయ్ కూతురని తెలుసు, నమ్మకం మీద ఇచ్చాడు. డబ్బాల మీద రాసిన అంకెలు రెండిటికీ ఒకటే. అవి ఏ కంపెనీ నోటికొచ్చినట్టు అచ్చేయించిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంటికి తెచ్చి నాయినకు చూపించాను. దాచిపెట్టే అలవాటు మా ఇంట్లో లేదని అనుకునే రోజులవి. ఆయన లేజర్లను ముట్టుకోలేదు. కళ్లజోడునే అటూ ఇటూ తిప్పి, ట్యూబులైటు వైపు పెట్టి చూశాడు.

"ఎర్రద్దం పచ్చని ఆపుతది, అది నిజమే" అన్నాడు. "కని ఈ పచ్చ దీపంల పచ్చ ఒక్కటే ఉన్నదా?"

"లేజర్ అంటేనే ఒక్క రంగు నాయినా. అదే కదా దాని గొప్ప" అని నా డిగ్రీనంతా ఆ ఒక్క వాక్యంలో పెట్టి చెప్పాను.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నేను నీరసంగా ఉన్నదాన్ని గోడ మీదికి వేశాను. "చుక్క కనబడ్తలేదు" అన్నాడు. కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, "మంచిదే. కని తక్కువదే ఉంచుకో. ఎక్కువది వాపస్ ఇచ్చెయ్" అన్నాడు. నేను లోపల ఎంత గింజుకున్నా సరేనన్నాను. అలా మా ఇంట్లో పెద్ద చదువు చదివిన కూతురు, కళ్లద్దాల పనిలో తలపండిన తండ్రి కూర్చుని, బాగా ఆలోచించి, రెండిటిలో ప్రమాదకరమైనదాన్ని ఎంచుకున్నాం.

రెండు రోజులు ఆ తక్కువదాంతో, మా మాటల్లో చిన్నదాంతో, ఆడుకున్నాను. కళ్లజోడు ఉంది కదా అన్న ధైర్యం. గోడ దగ్గరికి వెళ్లి, చుక్క పడే చోటుకు జానెడు దూరంలో ముఖం పెట్టి గంటల తరబడి చూశాను. ఒకసారి తిప్పుతుంటే కిరణం బీరువా అద్దానికి తగిలి నా ముఖం మీదుగా వెళ్లింది. కళ్లజోడులోంచి ఏమీ కనబడలేదు. ఏమీ కనబడలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నాను. మూడో రోజు సాయంత్రం వాపసు ఇవ్వాలి కాబట్టి, పొద్దున ఆఖరి పరీక్షగా రెండు అగ్గిపుల్లల తలలకు నల్ల స్కెచ్ పెన్ పూసి, రెండు లేజర్లతోనూ కాల్చి చూశాను. గదిని పచ్చగా చేసే గొప్పది ఎంతసేపటికీ పొగ కూడా తెప్పించలేదు. నీరసంగా ఉన్నది నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా పుల్లను భగ్గున మండించింది. నాకు భలే సంబరమైంది. చూడ్డానికి బక్కది, కాటుకు గట్టిది! తక్కువది తీసుకోమన్న నాయిన మాటా నెగ్గింది, నా కోరికా తీరింది.

మధ్యాహ్నం నాయినకు అన్నం తీసుకుని షాపుకు వెళ్లినప్పుడు ఈ శుభవార్త కూడా పట్టుకెళ్లాను. సేఠ్ నమాజుకు వెళ్లాడు. వెనకగదిలో నాయిన ఒక్కడే అద్దాలు సానపట్టే మిషన్ దగ్గర ఉన్నాడు. అగ్గిపుల్ల సంగతి చెబుతుంటే ఆయన చేతిలో అద్దం మిషన్ మీద అలాగే ఆగిపోయింది. నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"తక్కువ కనబడేది తొందర కాల్చిందా?"

"ఔ నాయినా. విచిత్రం కదా."

ఆయన మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, "తెచ్చినవా? ఇయ్యి" అన్నాడు. వాపసు ఇవ్వడానికి రెండూ నా సంచిలోనే ఉన్నాయి. పాత ఫోటో ఆల్బమ్‌లోంచి చింపిన నల్లని అట్ట ఒకటి గోడకు ఆనించాడు. ఎర్ర కళ్లజోడును ఒక స్టాండుకు తగిలించి అట్టకు ముందు పెట్టాడు. నన్ను తన వెనక్కు నిలబెట్టి, చిన్న లేజర్‌ను కళ్లజోడు అద్దంలోంచి అట్ట మీదికి వేశాడు. అట్ట మీద చుక్క లేదు. ఆకుపచ్చ అణువంత కూడా లేదు. అద్దం తన పని తాను బ్రహ్మాండంగా చేస్తోంది. అయినా కాసేపటికి నల్లని అట్ట మీద, వెలుగే లేని చోట, సన్నగా పొగ లేచింది.

నాయిన లేజర్ ఆపాడు. పెద్దదాంతో అదే చేశాడు. పొగ రాలేదు. మళ్లీ చిన్నదాంతో చేశాడు. వచ్చింది. ఇద్దరం ఆ చిన్న బొక్కను చూస్తూ నిలబడ్డాం. నా చదువు నాకప్పుడు పనికొచ్చింది, ఆలస్యంగా. ఆ పచ్చ వెలుగు లోపల ఇంకో వెలుగులోంచి పుడుతుంది. ఆ మొదటి వెలుగు కంటికి కనబడనిది. దాన్ని లోపలే ఆపే జల్లెడ ఒకటి ఉండాలి. దీంట్లో అది లేదు. పచ్చ నీరసంగా ఉండటం బలం లేక కాదు. బలమంతా కనబడని దాంట్లో ఉంది. ఎర్రద్దం దాన్ని ఆపదు సరికదా, చీకటి చేసి కనుపాపను పెద్దది చేస్తుంది. తలుపు బార్లా తెరిచి దొంగను పిలిచినట్టు. తర్వాత చూసుకుంటే నేను మడిచి అడుగున పెట్టిన ప్రింట్ కాగితాల్లో రెండో పేజీలోనే ఆ సంగతి ఉంది.

"ఎన్ని దినాలు చూసినవ్?" అన్నాడు నాయిన. 

"రెండు."

"దగ్గరికి పోయి చూసినవా?"

జానెడు దూరం సంగతి చెప్పాను. బీరువా అద్దం సంగతి కూడా చెప్పాను.  ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కళ్లజోడును స్టాండు మీది నుంచి లాగి, కాడను ఒక్క విరుపు విరిచి డబ్బాలో పడేశాడు. సొరుగులోంచి గళ్ల కాగితం తీశాడు. చిన్నపిల్లలు లెక్కలు చేసుకునే కాగితం లాంటిదే. మధ్యలో నీలం పెన్నుతో చుక్క పెట్టి నా ముఖానికి మూరెడు దూరంలో పట్టుకున్నాడు. "కుడికన్ను మూసుకో. చుక్కనే చూడు. గీతల దిక్కు చూడకు, అవే కనబడ్తయ్. ఏడన్న వంకర పోయినయా? ఏడన్న మసక ఉన్నదా?"

ఎడమ కన్నుకు గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ కన్ను మూసి కుడికన్ను తెరిచాను. చుక్క పక్కన రెండు గళ్లు కరిగిపోతున్నట్టు కదిలాయి.  ఏదో ఉందని చెప్పాలా, లేదని చెప్పాలా తెలియలేదు. చెబితే నిజమైపోతుందేమోనన్న పిచ్చి భయం. 

"ఏంది బిడ్డా? చెప్పు."

"ఏదో కదులుతున్నట్టుంది నాయినా."

"కండ్లల్ల నీళ్లున్నయ్. తుడుచుకో. మల్ల చూడు. తొందర లేదు."

కొంగుతో తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ చూశాను. చాలాసేపు చూశాను. గళ్లు గళ్లలాగే ఉన్నాయి. "అన్నీ తిన్నగా ఉన్నాయి" అన్నాను. నాయిన కాగితం దించి స్టూలు మీద కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు రాలేదు.

"ఇయ్యాల లేకుంటే లేనట్టు కాదు బిడ్డా. రేపు చూడాలె, ఎల్లుండి చూడాలె. నాకు గూడ తెల్లారి దాంక తెల్వలె."

ఆ మాట అన్నాక ఆయన నోరు మూసుకున్నాడు కానీ, అప్పటికే అనేశాడు.

"నీకేం తెలీలేదు నాయినా?"

ఆయన మిషన్ మీది నీళ్లు తుడిచాడు. తర్వాత అదే గళ్ల కాగితాన్ని ఎడమచేత్తో తన ముందు పట్టుకుని, ఎడమ కన్ను మూసుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి చుక్క చుట్టూ గింజంత మేర నల్లగా రుద్దాడు. తడుముకోలేదు. ఎన్నోసార్లు చేసిన పనిలా చేశాడు.

"గిది" అన్నాడు. "గింత. గీడ ఏం ఉండది."

గ్రహణం నాటి మర్నాడు గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డాడట. ఎడమ కంట్లో నలుసు పడింది. దాన్ని రుద్దుకుంటూ కుడికన్నుతో అయ్యగారి వైపు చూశాడు. "మెడ ఉన్నది. జుట్టు ఉన్నది. ముఖం లేదు బిడ్డా. ఎటు తిప్పినా ముఖం లేదు."

"మరి సాక్ష్యం చెప్పావు కదా?"

"లేచినంక ఏం జెయ్యాలె? గుడి మొత్తం నా దిక్కే చూస్తున్నరు. దేవుడు నాకు భయం లేకుండ జేసిండని చెప్పిన. చెప్పుకుంట వణికిన. అందరు నా మీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకున్నరు." పెన్సిల్‌ను జేబులో పెట్టుకున్నాడు. "ఎక్స్‌రే ఫిల్మ్‌లకెల్లి సూర్యుడు చల్లగ, చందమామ లెక్క కనబడిండు. నల్లగ కనబడుతున్నడు గద, ఏం గాదనుకున్న. నువ్వు ఈ ఎర్రద్దం పెట్టుకుని అనుకున్నట్టే. నేను చూసి గూడ మంచిదే అన్న. ఒక్కసారి కన్ను పోయినోన్ని, మల్ల నీకు గదే చెప్పిన."

పెద్ద కంటి దవాఖానకు ఎవరికీ తెలియకుండా వెళ్లాడట. ఈ మచ్చ మానదు, పెద్దదీ కాదు, అప్పుడప్పుడు ఈ కాగితంతో చూసుకుంటూ ఉండమని డాక్టరు చెప్పి పంపాడు. సేఠ్‌కు చెబితే పని పోతుంది, కన్ను లేనివాడికి కళ్లద్దాల షాపులో ఏం పని? గుడిలో చెబితే పరువు పోతుంది. సావిత్రమ్మకు చెబితే ఇక చెప్పనే అక్కర్లేదు. నాకు చెప్పకపోవడానికి మాత్రం ఆయన దగ్గర కారణం లేదు.  నాకు కోపం వచ్చింది. ఆ వేలు ఆనించి టీ పొయ్యడం, ఆ సూది, ఆ స్క్రూలు అన్నీ ఒక్కసారిగా అర్థమై, ఇన్నేళ్లు నా కళ్లు బాగుండీ ఏం చూశానని నా మీదే నాకు కోపం వచ్చింది.

ఆ తర్వాతి మూడు పొద్దులు నేను మర్చిపోను. ప్రార్థన అయ్యీ అవ్వగానే, టీ కన్నా ముందు, కిటికీ దగ్గర గళ్ల కాగితం. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. నిద్ర లేచి కళ్లు తెరవాలంటే భయం వేసేది. రెప్పలు మూసుకునే పక్క మీద పడుకుని, నాయిన చెప్పుల చప్పుడు వింటూ, ముందు ఏది చూడాలా అని ఆలోచించేదాన్ని. తెరిచి ఆయన ముఖమే చూసేదాన్ని, ఒక్కో కంటితో విడివిడిగా. కళ్లు, ముక్కు, మీసం ఉన్నాయా అని లెక్క చూసుకునేదాన్ని. మూడో రోజున నేను "అన్నీ తిన్నగా ఉన్నాయి" అన్నాక ఆయన కిటికీ ఊచలు పట్టుకుని స్టేషన్ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదలడం చూశాను. మా ప్రార్థనలో ఆయన గొంతు పెద్దది, ఆ రోజు స్తోత్రం మాత్రం గొణుక్కున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం హమీద్ భాయ్ దగ్గరికి వెళ్లాం. నాయిన ఏమీ గద్దించలేదు. నల్లని అట్ట తీసి, ఆయన దగ్గరున్న ఎర్ర కళ్లజోడునే ఒకటి అడ్డం పెట్టి, పొగ చూపించాడు. హమీద్ భాయ్ "తౌబా" అని చెవులు పట్టుకున్నాడు. గల్లా కిందున్న కళ్లజోళ్లన్నీ తీసి కాళ్ల కిందేసి తొక్కాడు. ఇంతకుముందు ఎవరెవరికి ఇచ్చాడో గుర్తు చేసుకుని మరీ చిరునామాలు ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఇక ఏది కావాలి బేటీ అని నన్ను అడిగాడు. నాకు ఏదీ వద్దనాలనిపించింది. నాయినే అన్నాడు: "పెద్దది తీస్కో. దానిది కనబడే జోరు. కనబడేదానికి భయపడొచ్చు, జాగ్రత్త పడొచ్చు. కని కండ్లకు అద్దాలు నేను చెయ్యలేను. తెల్వనిదాన్ని తెల్సని చెయ్య. అసలైనవి వచ్చేదాంక ఇది నా సొరుగుల ఉంటది." అసలైన కళ్లజోడును మా ఇన్‌స్టిట్యూట్ సారు పరిచయస్తుల చేత బయటి నుంచి తెప్పించుకోవడానికి అయిదు నెలలు పట్టింది. దాని అంచున ఏ వెలుగును ఎంత ఆపుతుందో సన్నని అక్షరాల్లో రాసి ఉంది. నాయిన భూతద్దం పెట్టుకుని, ఎడమ కంటితో, అక్షరం అక్షరం చదివి, అప్పుడు సొరుగు తాళం తీశాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఆదివారం గుడి నుంచి రాగానే నాయిన బట్టలు కూడా మార్చుకోకుండా కింది వాటాకు వెళ్లాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను. సావిత్రమ్మ పిన్ని చేటలో బియ్యం ఏరుతోంది. "సావిత్రమ్మగారూ, గ్రహణం నాడు మీరే కరెక్ట్. నా కన్ను పోయింది" అని మొత్తం చెప్పాడు. పాతికేళ్లుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్న మనిషి, ఇక దులిపేస్తుందని నేను పళ్లు బిగించుకున్నాను. ఆవిడ చేట కింద పెట్టింది. "మేము మాత్రం తెలిసి మూసుకున్నామా అన్నయ్యగారూ తలుపులు? భయపడి మూసుకున్నాం. ఎవరి మొండితనం వాళ్లది" అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆవిడ ఆ వేళాకోళం చెయ్యలేదు. నాయిన కూడా గుడిలో ఆ సాక్ష్యం మళ్లీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, అది సగం సాక్ష్యమే, మిగతా సగం ఇంకోసారి చెప్తా అనేవాడు.

నేనిప్పుడు ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొదటి లేజర్ ఏది కొనాలి మేడం అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ముందు కళ్లజోడు కొనుక్కో, దాని అంచు మీద ఏం రాసుందో నాకు చదివి వినిపించు, ఆ తర్వాత మాట్లాడదాం అంటాను. వాళ్లకు నేనొక చాదస్తపు మనిషిని. ఇప్పుడు నాంపల్లి సిగ్నల్ దగ్గర బుడగలతో పాటు పచ్చ లేజర్లు అమ్ముతున్నారు. పెళ్లి ఊరేగింపుల్లో కిరణాలు జనం ముఖాల మీదుగానే పోతుంటాయి. అప్పుడు ఒక వస్తువు దొరకడానికే ఏళ్లు పట్టేది కాబట్టి, దాని గురించి భయపడటానికి కూడా తీరిక ఉండేది. ఇప్పుడు వస్తువు ముందు వస్తోంది, భయం వెనకాల ఎప్పుడో వస్తోంది. ఇలా అనడం వయసు మీద పడ్డ లక్షణమని తెలుసు. అననీ.

ఇంటికొచ్చి, డబ్బాను కిటికీ దగ్గర పెట్టి విప్పాను. నాలుగు మడతల కట్టలో ముప్పైకి పైగా కాగితాలు. ప్రతిదాని మధ్యలో పెన్సిల్‌తో రుద్దిన గింజంత నలుపు. కొన్ని పచ్చబడ్డాయి, కొన్ని మడత దగ్గర చిరిగాయి. ఏళ్ల తరబడి చూసుకున్నాడు, చిన్నదవుతుందేమోనని కాబోలు. ఒక్కటీ చిన్నది కాలేదు. తర్వాత గాజుబిళ్లలు తీసుకున్నాను. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. మధ్యలో మూడే కాగితాలు, ఒక్క మడత లేకుండా, కొత్తవాటిలా. వాటి మీద నీలం చుక్క తప్ప ఏమీ లేదు. మూలన నాయిన రాత: "కరుణ. ఎడమ, మసక లేదు. కుడి, మసక లేదు." మూడిటి మీదా అదే.

ఒకటి తీసి కిటికీ పక్క గోడకు అంటించాను. మూరెడు దూరంలో నిలబడి కుడికన్ను మూసుకుని చూశాను. తర్వాత ఎడమ కన్ను మూసుకుని, కుడికన్నుతో చూశాను. చుక్క పక్కన రెండు గళ్లు కరిగినట్టు కదిలాయి. ఈసారి భయం వెయ్యలేదు. కొంగుతో తుడుచుకుని, తొందరపడకుండా మళ్లీ చూశాను.

"అన్నీ తిన్నగా ఉన్నాయి నాయినా" అన్నాను, పైకే.